కుక్క నోట్లోంచి లాక్కున్న కోడి: మొదటి అరగంట సంగతి

పెరట్లో కోడికి దెబ్బ తగిలిందంటే మన పక్క ఇళ్లల్లో రెండే వస్తువులు బయటికొస్తాయి, ఒకటి పసుపు డబ్బా, రెండోది కత్తి. ఏది ముందు వస్తుందనేది ఆ కోడికి పేరు పెట్టుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఈ రెండిటికీ మధ్యలో ఒక అరగంట ఉంటుంది, కోడి బతుకుతుందా పోతుందా అనేది చాలావరకు అక్కడే తేలిపోతుంది, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంకో సంగతేంటంటే ఆ అరగంటలో పోయే కోళ్లలో అన్నీ గాయం వల్లే పోవు. గట్టిగా అదిమి పట్టుకోవడం, నోరు తెరిచి నీళ్లు పోయడం, వీధిలో పిల్లలంతా చుట్టూ మూగి చూడటం, ఎండలో గంప కింద మూసిపెట్టడం, ఇట్లాంటి మన హడావిడి పనులు కూడా అందులో సగం పాపం మోస్తాయి.

తిరుపతి చుట్టుపక్కల పరిస్థితి చూస్తే యాక్సిడెంట్లు ఎందుకు ఎక్కువో అర్థమవుతుంది. అవిలాల, పేరూరు, కరకంబాడి, మంగళం వైపు అంతా సగం ఊరు సగం లేఅవుట్ లాగా అయిపోయింది, కోడి తిరగడం మాత్రం పాత పద్ధతిలోనే, పొద్దున గంప ఎత్తితే సాయంత్రం దాకా వీధి దానిదే. మధ్యలో సిమెంటు రోడ్డు, బండ్లు, ఐదారు వీధికుక్కలు. జీవకోన లాగా శేషాచలం కొండ అంచున ఉండే ఇళ్లకైతే ముంగిస, అడవిపిల్లి భయం కూడా. చిత్తూరు వైపు పల్లెల్లో గద్ద, ముళ్లకంచె, మూత లేని నీళ్ల తొట్టి. నాటుకోడి అయితే అరిచి గోల చేసి ఎగిరి గోడెక్కి తప్పించుకుంటుంది, వనరాజా గిరిరాజా లాంటి అభివృద్ధి చేసిన జాతులు బరువెక్కువ కాబట్టి ఎగరలేవు, పరిగెత్తి పరిగెత్తి దొరికిపోతాయి.

ఏది కొట్టింది అన్నది తెలుసుకోవడం టైంపాస్ ప్రశ్న కాదు, దాన్నిబట్టే గాయం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కుక్క పట్టుకుంటే ఊరికే కరవదు, పట్టుకుని విదిలిస్తుంది, అందుకే పైన రెండు మూడు చిన్న కంతలే కనిపించినా లోపల కండ నలిగిపోయి ఉంటుంది. బండి తగిలితే పైన గీత కూడా ఉండకపోవచ్చు, కాలో రెక్కో విరిగి ఉంటుంది లేదా లోపల నెత్తురు కారుతుంటుంది. గద్ద అయితే వీపు మీద గోళ్ల గుంతలు. అన్నిటికంటే మోసం చేసేది పిల్లి కాటు, పళ్లు సూదుల్లా ఉంటాయి కాబట్టి ఈకల కింద కంతే దొరకదు, కానీ పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఆ కంతలోంచి లోపలికి పోయి ఒకటి రెండు రోజుల్లో కోడిని పడగొట్టేస్తుంది. "నిన్న సాయంత్రం మేత కూడా తినింది, పొద్దున చూస్తే గంపలో చచ్చిపడుండాది" అనే కథల్లో కొన్ని ఇవే. కాబట్టి పిల్లి నోట్లోంచి వచ్చిన కోడి ఎంత హుషారుగా కనిపించినా అదే రోజు డాక్టరుకి చూపించి యాంటీబయాటిక్ వేయించాల్సిందే, రేపు చూద్దాంలే అనుకునే గాయం కాదు.

కోడి కంటే ముందు మనిషి సంగతి ఒకటుంది. కుక్క నోట్లోంచి కోడిని లాక్కునేటప్పుడు చేతికి పళ్లు తగలడం మామూలే, ఆ గొడవలో గీరుకున్నది కూడా తెలీదు. రేబిస్ అనేది పాలిచ్చే జంతువులకి వచ్చే జబ్బు, కోడికి దాని భయం ఆచరణలో లేనట్టే, మనిషికి మాత్రం బాగా ఉంది. చేతికి చిన్న గీత పడినా ముందు సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కోవాలి, ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోవాలి. కోడి ఈకల మీద కుక్క చొంగ కూడా ఉంటుంది కాబట్టి చేతికి పాత పుండ్లు ఉన్నవాళ్లు గ్లౌజులు వేసుకునో, లేకుంటే ప్లాస్టిక్ కవరు తొడుక్కునో ముట్టుకోవడం మంచిది.

ఇక పట్టుకోవడం. కోడి ఊపిరి తీసుకునే పద్ధతి మనలాంటిది కాదు, దానికి పొట్టకీ ఛాతీకీ మధ్యన మనకుండే డయాఫ్రమ్ అనే కండ లేదు, ఛాతీ ఎముక మొత్తం ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి పోతుంది. అంటే రెండు చేతులతో ఛాతీ చుట్టూ గట్టిగా అదిమి పట్టుకుంటే ముక్కు మూయకుండానే ఊపిరి ఆపేసినట్టు. భయంతో కొట్టుకుంటుందని ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అది ఇంకా కొట్టుకుంటుంది, కాసేపటికి మెడ వాల్చేస్తుంది, "పాపం దెబ్బకి పోయింది" అంటారు. పాత తుండుగుడ్డ ఒకటి తల మీద నుంచి వేసి, రెక్కలు ఒంటికి ఆనేలా వదులుగా చుట్టి, కింద చెయ్యి పెట్టి ఎత్తుకుంటే చాలు. కళ్లకి చీకటి పడగానే కోడి సగం నెమ్మదిస్తుంది, సాయంత్రం గంపలో వేసేటప్పుడు చూస్తూనే ఉంటాం కదా. కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోసుకొచ్చే అలవాటు సంతకి తీసుకుపోయేటప్పుడే మంచిది కాదు, దెబ్బ తిన్న కోడికైతే అసలే వద్దు.

తర్వాతది షాక్. తురాయి పాలిపోవడం, కాళ్లు చల్లబడటం, కళ్లు సగం మూసుకుని మెడ లోపలికి లాక్కుని ఒక మూల కూర్చోవడం, ఇవి దాని గుర్తులు. నెత్తురు పోయినా పోకపోయినా, భయం ఒక్కటే చాలు ఈ స్థితికి తేవడానికి. మందు ఏంటంటే ఏమీ చెయ్యకపోవడం, అంటే గాలి ఆడే అట్టపెట్టెలో కింద గుడ్డ పరిచి, పైన సగం కప్పి, కుక్క వాసన పిల్లల గోల లేని రూంలో పెట్టి వదిలేయడం. నెత్తురు ధారగా కారుతుంటే తప్ప, కడగడాలూ కట్టు కట్టడాలూ అన్నీ ఈ విశ్రాంతి తర్వాతే. గాయం చూడగానే చేతులు ఊరుకోవు, అది నిజమే, కానీ షాక్‌లో ఉన్న కోడిని తిప్పి మళ్లించి కడిగితే ఆ కడగడమే దాన్ని తీసుకుపోవచ్చు.

ఇక్కడ ఇంటర్నెట్ సలహాలతో ఒక పెద్ద చిక్కు ఉంది. యూట్యూబ్‌లో చూస్తే దెబ్బ తిన్న కోడిని హీట్ ల్యాంప్ కింద పెట్టమని చెప్తారు, చెప్పేవాళ్లు ఎక్కువమంది చలి దేశాల వాళ్లు, వాళ్ల దగ్గర అది కరెక్టే. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, షాక్‌లో అది పడిపోకుండా చుట్టూ 28, 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే సరిపోతుంది. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం బయటే 40 దాటుతుంది, రేకుల కొట్టంలో ఇంకా ఎక్కువ, అక్కడ బల్బు కూడా పెడితే కోడిని సగం వండినట్టే. కోడికి చెమట పట్టదు, వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి, రొప్పే శక్తి కూడా లేని కోడిని వేడిలో పెడితే ఇంకేం చేస్తుంది. పైగా తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చేది కూడా మే నెలలోనే, మొక్కుబడికని పెంచిన పుంజులు ఇంటింటికీ ఉండే టైం అది. కాబట్టి ఎండాకాలంలో బండల ఇంట్లో నీడన, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా పెట్టెలో పెడితే అదే మందు. అదే కుప్పం, పలమనేరు వైపు డిసెంబరు రాత్రుళ్లు అయితే వెచ్చదనం ఖచ్చితంగా కావాలి, అప్పుడు కూడా ఎల్ఈడీ బల్బు పెట్టి వెచ్చగా ఉందనుకుంటే ఎట్లా, అది వెలుగిస్తుంది కానీ వేడివ్వదు. పాత 60 వాట్ల బల్బు ఉంటే పెట్టెకి ఒక మూలన, లేదంటే వేడినీళ్ల బాటిల్ గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టాలి, వేడి ఎక్కువైతే కోడి రెండో పక్కకి జరిగేంత చోటు ఉండాలి.

నెత్తురు విషయంలో ఆగకూడదు అన్నాం, ఎందుకంటే లెక్క చిన్నది. కోడి బరువులో నెత్తురు సుమారు 7 శాతం, అంటే రెండు కిలోల పెట్టలో ఉండేది 140 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసుతో ఒకటిన్నర. అందులో ఒక రెండు మూడు చెంచాలు పోతే తట్టుకుంటుంది, ఈకలకి అంటుకుని ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి చూసి బెదిరిపోనక్కర్లేదు. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి వేలితో ఐదు నిమిషాలు అదిమి ఉంచాలి, మధ్య మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడకూడదు, ఎత్తిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడిపోయి మళ్లీ మొదటికొస్తుంది. కాలికి దారంతో బిగించి కట్టేయడం చేస్తుంటారు, అట్లా చేస్తే దారం కింది కాలంతా చచ్చుబడిపోతుంది. గోరు ఊడి కారుతుంటే మైదా పిండో కార్న్‌ఫ్లోరో అద్ది అదమచ్చు. రెక్కలో కొత్తగా మొలుస్తున్న ఈక విరిగితే పుల్లలోంచి నెత్తురు కారుతూనే ఉంటుంది, దానికీ అదమడమే, పీకే పని డాక్టరుకి వదిలేయాలి.

పసుపు గురించి చెప్పాలంటే చిన్న గీతల మీద, గోరు మీద వేస్తే పోయేదేం లేదు. కుక్క పన్ను దిగిన లోతు కంతలో కూరితే మాత్రం అది ముద్ద కట్టి లోపలి మురికిని లోపలే మూసేస్తుంది, డాక్టరు దగ్గరికి పోతే ముందు ఆ పసుపు కడగడానికే సగం టైం పడుతుంది. సున్నం కలిపితే చర్మం కాలుతుంది. బూడిద, కాఫీ పొడి, కిరసనాయిలు, బండి ఆయిలు, ఇవి పనిచేస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు.

నీళ్లు. ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, ప్రేమతో చేసే తప్పు కూడా. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో ఒక చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది, అది గాలిగొట్టం నోరు. మనకున్నట్టు దాని మీద మూత లేదు. తల పైకెత్తి నోట్లో గ్లాసుతో పోస్తే ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఒక్కసారి గురగుర అని అంతే. ఎర్రగడ్డ మిరియాలు దంచి రసం పోసేవాళ్లూ ఉంటారు, అది ఇంకా ఘోరం. కోడి తల తనంతట తాను నిలబెట్టగలుగుతుంటే ముక్కు పక్కన ఒక్కో చుక్క పెడితే అదే చప్పరించి మింగుతుంది, తల నిలబెట్టలేకపోతే ఏదీ పెట్టకూడదు. గంట రెండు గంటలు పోయాక లేచి కూర్చుంటే ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు చిన్న మూతలో ముందు పెట్టడం మంచిది, ప్యాకెట్ మీద రాసినట్టే లీటరుకి కలపాలి, చిక్కగా కలిపితే ఎక్కువ మేలేం జరగదు.

ఇంతా అయ్యాక, కోడి కాస్త కుదుటపడ్డాక, గాయం వెతకడం. ఈకలు తడిపి పక్కకి దువ్వితేనే చర్మం కనిపిస్తుంది, రెక్కల కింద, తోక దగ్గర, తొడ లోపల అన్నీ చూడాలి, ఒక కంత దొరికిందంటే ఎదురుగా ఇంకోటి ఉంటుంది ఎందుకంటే కుక్కకి పైనా కిందా రెండు దవడలు కదా. గాయం చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించాలి, పీకితే పలచటి చర్మం కూడా వచ్చేస్తుంది. కడగడానికి మందుల షాపులో దొరికే సెలైన్ బాటిల్ బెస్ట్, లేదంటే అరలీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు సమంగా కొలిచి వేస్తే దాదాపు అదే. సూది తీసేసిన సిరంజితో కంతలోకి చిమ్మి చిమ్మి కడగాలి. ఆ తర్వాత బెటాడిన్ నీళ్లలో కలిపి లేత టీ రంగు వచ్చాక వాడాలి, నేరుగా చిక్కగా పోయకూడదు, స్పిరిట్ అసలు వద్దు. ఒక్క చోట మాత్రం చిమ్మి కడగడం ప్రమాదం: రెక్క పైభాగం ఎముక విరిగి బయటికొచ్చి ఉంటే. ఆ ఎముక లోపల బోలుగా ఉండి గాలి సంచులకి కలిసి ఉంటుంది, అక్కడ నీళ్లు చిమ్మితే ఊపిరి తీసుకునే దారిలోకే పోస్తున్నట్టు. పక్షి ఎగరడానికి దేవుడు చేసిన ఏర్పాటు ఇక్కడ దానికే ఎదురు తిరుగుతుంది.

చూడటానికి ఘోరంగా ఉండేవి అన్నీ ఘోరం కాదు అని కూడా తెలియాలి. వీపు మీద చర్మం అరచేయంత చిరిగి మాంసం కనిపిస్తున్నా, కింద కండ బాగుంటే, కుట్లు పడి కొన్నాళ్లకి మామూలుగా తిరిగే కోళ్లు చాలా ఉంటాయి. అదే మెడ కింద చిన్న కంత ఉండి, తాగిన నీళ్లు అందులోంచి బయటికి కారుతుంటే మేత సంచి చిరిగిందని అర్థం, ఇది కుట్టాల్సిందే, అప్పటిదాకా మేత పెట్టకూడదు. చర్మం కింద బుడగలా ఉబ్బి నొక్కితే చిటచిటమంటే గాలి సంచి దెబ్బ తిని గాలి చర్మం కిందికి వస్తుందని లెక్క, ఇదీ డాక్టరు పనే. ఇంకోటి, కోడి గాయంలో చీము మనకు లాగా కారదు, గట్టిపడి పసుపు రంగు జున్ను ముక్కలా లోపలే ఉండిపోతుంది, అందుకే "చీము పట్టలేదు, మానిపోతోంది" అని మోసపోతుంటారు, చేత్తో తడిమి గడ్డ ఉందేమో చూడాలి.

ఎముక విరగడం దగ్గర మన జిల్లాల వాళ్లకి వేరే ధైర్యం ఉంటుంది, పుత్తూరు కట్టు పక్కనే పెట్టుకుని పెరిగినవాళ్లం కదా. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో మనుషుల ఎముకలు కట్టే ఊరు అది, కోడి గుడ్డు మనిషి ఎముకకి పనికొచ్చినప్పుడు కోడికి ఆ మాత్రం కట్టు కట్టలేమా అనిపిస్తుంది. కింద గట్టి పొలుసుల కాలు విరిగితే నిజంగానే కట్టచ్చు, దూది చుట్టి, రెండు పక్కలా ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి, పైన టేపు, కాలివేళ్లు వాస్తున్నాయా చల్లబడుతున్నాయా అని రోజూ చూసుకోవాలి. పక్షి ఎముక తొందరగా అతుక్కుంటుంది, మూడు వారాల్లో చాలావరకు పట్టేస్తుంది. తొడ ఎముకకి ఇట్లా కుదరదు, చుట్టూ కండే కాబట్టి పుల్లలు నిలవవు, చిన్న పంజరంలో కదలకుండా పెట్టి డాక్టరుకి చూపించాలి. రెక్క వాలిపోతే దాని మామూలు మడతలో పెట్టి క్రేప్ బ్యాండేజీతో ఒంటికి కలిపి చుట్టచ్చు, కానీ ముందు చెప్పిన ఛాతీ సంగతి గుర్తుంచుకోవాలి, కట్టు కింద వేలు దూరేంత వదులు లేకపోతే రెక్క బాగుపడేలోపు కోడి ఉండదు. రెండు కాళ్లూ వెనక్కి పడిపోయి, వేలు గట్టిగా గిల్లినా లాక్కోకపోతే నడుం దెబ్బ, దానికి ఏ కట్టూ లేదు.

నొప్పి మాత్రల దగ్గర చాలా జాగ్రత్త. ఇంట్లో మనుషులకి వాడే డైక్లోఫెనాక్ చిన్న ముక్క చేసి పెట్టేస్తారు. రాబందులు అంతరించిపోయే స్థితికి వచ్చింది ఈ మందు వల్లే, అది వాడిన పశువుల కళేబరాలు తిని కిడ్నీలు పాడై చచ్చిపోయాయి, పశువులకి దీన్ని వాడకుండా 2006లోనే మన దేశంలో నిషేధించారు. కోడి కిడ్నీకి కూడా ఇది విషమే. నొప్పికి డాక్టర్లు వాడే మందులు వేరే ఉన్నాయి, డోసు బరువు చూసి వాళ్లే చెప్పాలి. యాంటీబయాటిక్ కూడా అంతే, పక్కింటి కోళ్లకి వాడి మిగిలిన పొడి నీళ్లలో కలపడం వైద్యం కాదు.

తర్వాతి రోజుల్లో గాయం కంటే ఈగ పెద్ద శత్రువు. మన ఎండకి ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పురుగులైపోతాయి, పొద్దున శుభ్రంగా ఉన్న పుండులో మర్నాటికి పురుగులు లుకలుకలాడతాయి. దోమతెర కింద పెట్టడం, రోజుకి రెండుసార్లు ఈకలు ఎత్తి చూడటం, కింద గుడ్డ మార్చడం, ఇంతకు మించిన ఉపాయం లేదు. రెండో శత్రువు తోటి కోళ్లే. ఎర్రగా కనిపిస్తే పొడవడం వాటి గుణం, నిన్నటిదాకా పక్కన పడుకున్నదే ఈరోజు పుండులో ముక్కు పెట్టి పీకుతుంది, పొక్కు కట్టి ఎరుపు పోయేదాకా విడిగా ఉంచాల్సిందే, కాకపోతే మిగతావి కనిపించే చోట పెడితే తిరిగి కలిపేటప్పుడు కొట్లాట తగ్గుతుంది.

ఒక అనుమానం కూడా పెట్టుకోవాలి, అది నిజంగా యాక్సిడెంటేనా అని. మెడ మెలితిరిగి ఆకాశం చూస్తుంటే "ఎవుడో రాయితో కొట్టినాడు" అనుకుంటారు, రాణిఖేత్ తెగులులో కూడా మెడ అట్లాగే తిరుగుతుంది. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ జబ్బు కావచ్చు. గాయం లేదు, ఈకలు రాలలేదు, పక్క కోడి కూడా నలతగా ఉంది అంటే కట్టు కట్టడం కాదు, మిగతావాటికి దూరంగా పెట్టడం ముందు పని.

డాక్టరు విషయంలో తిరుపతి వాళ్లకి అదృష్టం ఉంది, వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఇక్కడే ఉంది, 2005లో శ్రీవెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అయింది. పల్లెల్లో మండలం పశువుల ఆస్పత్రి, పశువుల అంబులెన్సుకి 1962 నంబరు. "కోడికి కూడా డాక్టరా" అని నవ్వేవాళ్లు నవ్వుతారు, నాటుకోడి రేటు చూసి కూడా నవ్వు వస్తుందంటే నవ్వుకోనీ.

కత్తి విషయం కూడా దాచుకోనక్కర్లేదు. పేగులు బయటపడి చిరిగిపోయినా, నడుం విరిగినా, నోరు తెరిచి గాలికి కొట్టుకుంటూ ఉన్నా, రెండు రోజులు మూలుగుతూ పడుండటం కంటే వెంటనే ముగించడమే దయ. అప్పుడు కూరకి పనికొస్తుందా అంటే, కుక్క నలిపిన భాగం మురికిపట్టి ఉంటుంది కాబట్టి ఆ భాగం ఎట్లాగూ వద్దు, దానంతట అది చచ్చిపోయిన కోడి అసలు వద్దు. మందు వేసిన కోడైతే డాక్టరు చెప్పిన రోజులు గడిచేదాకా మాంసమూ గుడ్లూ ముట్టకూడదు, ఆ గడువు మందుని బట్టి మారుతుంది కాబట్టి ఇంజెక్షన్ వేసేటప్పుడే అడిగి రాసుకోవాలి.

బతికే కోడి ఎట్లా తెలుస్తుందంటే మర్నాడు పొద్దున పెట్టె కింద గుడ్డ చూస్తే చాలు. పచ్చగా నీళ్లలాగా పడిందంటే లోపలికి మేత పోవడం లేదని, గట్టిగా పైన తెల్ల టోపీతో పడిందంటే తింటోందని. రాగి సంగటి మెత్తగా నలిపి పెట్టినా, ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టినా తింటుంది, గుడ్డు పెడితే చూసేవాళ్లకి ఒక మాదిరిగా ఉంటుంది కానీ కోడికి ఆ పట్టింపు లేదు. పెట్ట అయితే కొన్ని వారాలు గుడ్లు ఆపేస్తుంది, దానికి కంగారు పడి ఏదో ఒకటి తాపించకూడదు. మళ్లీ మందలో వదిలేటప్పుడు పగలు కాకుండా చీకటి పడ్డాక గంపలో మిగతావాటి మధ్యన పెడితే, పొద్దున లేచేసరికి అది రాత్రంతా అక్కడే ఉన్నట్టు అనుకుని పెద్దగా గొడవ చెయ్యవు.